శిస్తు అడగని రాజులు

మన దేశంలో రాజులు లేరు. 1948లో నిజాం రాజ్యం పోయింది. 1971లో రాజ్యాంగానికి 26వ సవరణ వచ్చి మాజీ సంస్థానాధీశుల భరణాలూ, వారికి మిగిలిన ప్రత్యేక గుర్తింపూ కూడా పోయాయి. చట్టంలో రాజుకు చోటు లేకుండా పోయి అర్ధశతాబ్దం దాటింది. కాని తెలుగు నవలలో మాత్రం ఈనాటికీ రాజుకు పట్టాభిషేకాలు జరుగుతూనే ఉన్నాయి. పైగా వెనుకటికంటె వైభవంగా జరుగుతున్నాయి. వెనుకటి రాజు ఏడాదికి ఒకటి రెండు నవలల్లో కనిపించేవాడు. ఇప్పటి రాజు విడతలు విడతలుగా ఫోనులో ప్రతి రాత్రీ దర్శనమిస్తున్నాడు.

భద్రాచలం అడవి అంచున డిగ్రీ చదివే పిల్లలకు తెలుగు చెప్పే నాకు ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది. హాస్టలు పిల్లల చేతుల్లో పాఠ్యపుస్తకంకంటె ఎక్కువగా నలుగుతున్న సాహిత్యం ఏదో తెలుసుకోవాలని ఒక విద్యార్థినిని అడిగితే, ఆమె తన ఫోను నా చేతికిచ్చింది. ఎనభై తొమ్మిది విడతల రాజవంశ ప్రేమకథ. మూడు రాత్రులు కూర్చుని మొత్తం చదివాను. దాని పేరు చెప్పను. దాచాలని కాదు, ఆ కథ ఒక్కరిది కాదు గనక. తరవాత అలాంటివి మరో నాలుగు చదివాను. పేర్లు మార్చి, నగలు మార్చి, గుర్రం రంగు మార్చి అందరూ రాస్తున్నది ఒకే కథ.

కథ ఇది. కాకతీయుల కాలాన్ని తలపించే ఒక రాజ్యం. కఠినుడైన యువరాజు. సామంతుడి కూతురు. ఇష్టం లేని పెళ్లి. అంతఃపురంలో ఒక విషపాత్ర, అడవిలో ఒక వేట, వేటలో ఒక బాణం. గాయపడ్డ యువరాజుకు ఆకు పసరు పోసి బతికించేది ఒక కోయ ముసలమ్మ. ఆమెకు పేరు లేదు. పసరు పోశాక ఆమెకు కథలో పనీ లేదు. ఆ తరవాత కరువు వస్తుంది. రాణి కన్నీరు చూసి కరిగిన రాజు ధాన్యాగారం తెరిపిస్తాడు. జనం జయజయధ్వానాలు చేస్తారు. ఆ రాత్రి రాజూ రాణీ ఒకటవుతారు. ఇదంతా చదివించే భాషలోనే రాశారు. నేను కూడా ఆపకుండా చదివానని ఒప్పుకోవాలి.

నాకు పట్టిన సందేహం ఒక్కటే. ఆ ధాన్యాగారంలోకి ధాన్యం ఎలా వచ్చింది?

ఎనభై తొమ్మిది విడతల్లో ఎక్కడా దీనికి సమాధానం లేదు. రాజు యుద్ధం చేస్తాడు, ప్రేమిస్తాడు, అలుగుతాడు, దానం చేస్తాడు. శిస్తు మాత్రం వసూలు చెయ్యడు. చరిత్రలో ఏ రాజూ మానని పని ఏదో, రాజకథలో ఏ రాజూ చెయ్యని పని అదే. యుద్ధం లేని ఏళ్లుంటాయి, ప్రేమ లేని రాజులుంటారు. శిస్తు లేని రాజు ఒక్క దినం కూడా ఉండడు. ఆ ఒక్క సంగతిని తీసేస్తే మిగిలేది రాజు కాడు, ఖరీదైన బట్టలు కట్టుకున్న ప్రియుడు. రాజవంశ ప్రేమకథ కిటుకంతా ఇక్కడే ఉంది. అది రాజును పొగడదు. పొగిడితే పాఠకులు అనుమానిస్తారు. అది రాజునుంచి శిస్తును విడదీస్తుంది. పాలకుడికీ పాలితుడికీ మధ్య ఉన్న సంబంధాన్ని చెరిపేసి, ఆ చోట ఒక స్త్రీ పురుష సంబంధాన్ని నిలబెడుతుంది. రాజు మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్నకు రాణి పడకగదిలో తీర్పు జరుగుతుంది. పొలం గట్టుమీద జరగదు.

ఇది నిన్న మొన్న పుట్టిన జబ్బు కాదు. దీనికి మనమంతా గౌరవించే పూర్వీకులున్నారు. అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి' మన కాకతీయ ప్రేమకథలన్నిటికీ పెద్దన్న. బాపిరాజు స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లినవాడు, చిత్రకారుడు, నిజాం హైదరాబాదులో 'మీజాన్' పత్రికకు సంపాదకత్వం వహించినవాడు. పరాయి పాలనలో నలుగుతున్న జాతికి 'మనకూ ఒక చరిత్ర ఉంది' అని చెప్పవలసిన అగత్యం ఆనాడు ఉంది. ఆ పని ఆయన మనస్ఫూర్తిగా చేశాడు. పైగా ఆయన రుద్రమదేవిని సింహాసనం మీద కూర్చోబెట్టి, అన్నాంబిక చేతికి కత్తి ఇచ్చాడు. స్త్రీ ఏలగలదనీ, స్త్రీ పోరాడగలదనీ చెప్పాడు. ఇప్పటి రాజకథల నాయిక చేతిలో ఆ కత్తి కూడా లేదు. ఎదురుచూపు మాత్రమే మిగిలింది. పెద్దన్న ఆస్తిలో తమ్ముళ్లకు దక్కింది పట్టుబట్టలే.

అయినా ఆ పెద్ద నవలలోనూ మూలలోపం ఉంది. గన్నారెడ్డి గజదొంగ. పాఠకుడి గుండె అతడి వెంట పరుగెత్తేది అందుకే. కాని ఆ దొంగ ఎవరి పక్షం? రాణి పక్షం. తిరుగుబాటుకుండే అందమంతా అతడికి అంటగట్టి, ఆ తిరుగుబాటును సింహాసనానికి కాపలా పెట్టాడు రచయిత. 2015లో గుణశేఖర్ తీసిన 'రుద్రమదేవి' చిత్రంలో జనం ఈలలు వేసింది కూడా ఈ దొంగకే. జనానికి తిరుగుబాటుదారు కావాలి. రాజకథ ఆ కోరికను గుర్తిస్తుంది. గుర్తించి, రాజభక్తుడైన తిరుగుబాటుదారును ఇస్తుంది.

మరి నిజంగా తిరగబడ్డవాళ్ల కథ ఎక్కడుంది? అది మనకు దూరంలో లేదు. భద్రాచలంనుంచి గోదావరి వెంట పైకి పోతే ఏటూరునాగారం, తాడ్వాయి అడవులు వస్తాయి. అక్కడ మేడారంలో రెండేళ్లకోసారి మాఘమాసంలో లక్షల జనం చేరి మొక్కేది ఎవరికి? జనం చెప్పుకొనే కథ ప్రకారం, కరువుకాలంలో కప్పం కట్టలేమన్న పగిడిద్దరాజు మీదికి కాకతి ప్రతాపరుద్రుడు సైన్యం పంపాడు. పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, గోవిందరాజు యుద్ధంలో పడ్డారు. జంపన్న సంపెంగవాగులో ప్రాణం విడిస్తే అది జంపన్నవాగయింది. సమ్మక్క గాయాలతో చిలుకలగుట్టవైపు పోయి కనపడకుండా పోయింది. అక్కడ దొరికింది కుంకుమభరిణె.

ఇందులో ఎంత చరిత్ర, ఎంత పురాణం అని విజ్ఞులు వాదించుకుంటున్నారు. వాదించుకోవలసిందే. నేను చూపేది తేదీలను కాదు, కథ ఎక్కడ మొదలవుతుందన్నదాన్ని. అదే కాకతీయ రాజ్యం, అదే కరువు. ఫోనులోని కథలో కరువు వస్తే రాజు ధాన్యాగారం తెరుస్తాడు. అడవి కథలో కరువు వస్తే రాజు కప్పం అడుగుతాడు. ఈ రెంటిలో ఏది పాలన స్వభావానికి దగ్గరో తేల్చడానికి ఎం.ఏ. పట్టా అక్కర్లేదు.

నది ఒడ్డున ఉన్న రెండో కథ చూడండి. భద్రాచలంలో శ్రీరామనవమికి జరిగేది కూడా ఒక రాజుగారి పెళ్లే. మన సరిహద్దులో ఇంతకంటె పెద్ద రాజవంశ ప్రేమకథ లేదు. కాని ఆ గుడి కథను జనం ఎలా చెప్పుకుంటారు? పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న వసూలైన శిస్తు సొమ్ముతో గుడి కట్టించి నగలు చేయించాడు. తానీషా లెక్క అడిగాడు. గోపన్న గోలకొండ చెరలో పడ్డాడు. భక్తి కథే గాని, శిస్తు లెక్కను దాచలేదు. సీతమ్మ పతకం ఎవరి సొమ్మో ఆ కథకు తెలుసు. దాన్ని దేవుడే వచ్చి తీర్చవలసినంత పెద్ద బాకీగా చెప్పింది. భక్తుల కథకున్న ఈ పాటి నిజాయితీ మన నవలాకారులకు లేకపోవడం విచారకరం.

శాసనాలు చదివినా ఇదే కనిపిస్తుంది. కాకతీయుల కాలపు పన్నుల్లో ఇల్లరి ఉంది, పుల్లరి ఉంది. ఇంటికి పన్ను, పశువు మేసిన గడ్డికి పన్ను. ఈ పుల్లరి ఎంత గట్టి పిండమో చూడండి: 1921లో పల్నాడులో అదే పేరుతో తెల్లవాళ్లు వసూలు చేశారు; కట్టమని జనాన్ని కూడగట్టిన కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకి గుళ్లకు బలయ్యాడు. రాజులు పోయారు, చక్రవర్తులు పోయారు, పన్ను పేరైనా మారలేదు. రాణిగారి గుర్రం ఏ గడ్డి మేసిందో వర్ణించే రచయితకు, ఆ గడ్డికి పన్ను కట్టిందెవరో తట్టదా?

ఇంకొక శిల ఉంది. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నాటిది. రుద్రమదేవి మరణాన్ని మనకు తెలిపే శాసనం అదే. దాన్ని వేయించింది యువరాజు కాడు, సామంతుడు కాడు. మల్లికార్జున నాయకుని బంటు పువ్వుల ముమ్మడి. రాణికీ తన నాయకుడికీ పుణ్యం కలగాలని దేవుడికి భూమి దానం చేసి శిల నిలిపాడు. రాణి ఎప్పుడు పోయిందో ఏడు శతాబ్దాల తరవాత మనకు తెలిసిందంటే అది ఒక బంటు చలవ. అతడు ఎవరు? అతడి ఇల్లాలు ఎవరు? చావు వార్త మోసుకొని అతడు ఎన్ని ఊళ్లు దాటాడు? కాకతీయ ప్రేమకథ రాయదలచినవారికి ఇంతకంటె గొప్ప ముడిసరుకు ఏముంటుంది? అయినా నేను చదివిన అయిదింటిలో ఒక్కరూ అతడివైపు చూడలేదు. రాణి చుట్టూ తిరిగే కలానికి, రాణిని చరిత్రకెక్కించిన బంటు కనబడడు.

రాజుల కాలం గురించి రాయడమే తప్పని నేననడం లేదు. హంగరీ విమర్శకుడు లూకాచ్ 1930 లలో చారిత్రక నవల మీద రాసిన గ్రంథంలో వాల్టర్ స్కాట్‌ను మెచ్చుకున్నది ఇందుకే: స్కాట్ రాజులను పక్కన నిలబెట్టి, సామాన్యుడికి దగ్గరైన మధ్యరకపు మనిషిని కథకు నడుమ నిలిపాడు. ముందు జనజీవనంలో సంక్షోభం కనబడుతుంది. ఆ తరవాతనే రాజు వస్తాడు. స్కాట్ రాజకీయంగా అభ్యుదయవాది కాడు. అయినా నిజం ఆయన చేత ఆ పని చేయించింది. మన రాజకథకు పెట్టవలసిన పరీక్ష కూడా ఇదే. రాజు పేజీలోకి రాకముందు ఆ ఊరు ఎలా బతుకుతున్నదో మనకు తెలిసిందా లేదా?

దీనికి కొందరు రెండు అభ్యంతరాలు చెబుతారు. మొదటిది: 'ఇది వినోదం, దీనికి ఇంత గొడవ ఎందుకు?' వినోదమైతేనే గొడవ. పాఠం చదివేటప్పుడు విద్యార్థి అనుమానంతో చదువుతాడు; వినోదం చదివేటప్పుడు తలుపులన్నీ తెరిచి పెడతాడు. రెండోది కొంచెం బలమైనది: 'అడవి కథలో మాత్రం రాజులు లేరా? పగిడిద్దరాజు రాజు కాడా? బస్తర్ ఆదివాసులు తమ రాజును ప్రేమించలేదా?' ప్రేమించారు. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజభవనంలో పోలీసు కాల్పులకు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్‌తో పాటు పలువురు ఆదివాసులు చనిపోయారు. ఆయనను వాళ్లు ఈనాటికీ తలచుకుంటారు. కాని ఎందుకు తలచుకుంటారు? ప్రభుత్వంతో తగవు వచ్చినప్పుడు తమ పక్కన నిలబడ్డాడని. పగిడిద్దరాజు రాజే, కాని కప్పం కట్టలేనివాళ్లతో కలిసి కప్పం ఎగ్గొట్టిన రాజు. మన కొలమానం బిరుదు కాదు. శిస్తు అడిగే చోట ఏ పక్కన నిలబడ్డాడన్నదే కొలమానం. ఆ కొలమానం అడవికి ఎప్పుడో తెలుసు. మనమే మరిచాం.

మరిచినందుకు ఫలితం ఏమిటో చెప్పాలి. 2022 జూలైలో వరంగల్లులో 'కాకతీయ వైభవ సప్తాహం' జరిగింది. బస్తర్ రాజవంశానికి చెందిన కమల్‌చంద్ర భంజ్‌దేవ్‌ను ప్రజాస్వామ్య ప్రభుత్వం కాకతీయుల వారసుడిగా పిలిచి సత్కరించింది. చెరువులు తవ్వించిన రాజుల వారసుడు దొరికాడు. మంచిదే. చెరువులు తవ్వినవాళ్ల వారసులను ఎవరు పిలిచారు? వాళ్లను వెతకడానికి బస్తర్ దాకా పోనక్కర్లేదు. ఉపాధి హామీ పనికి వచ్చిన ఏ గుంపును అడిగినా చాలు.

ఇంకా దగ్గరికి వద్దాం. 2006 నాటి అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే, అడవిలో బతికేవారికి చరిత్రలో అన్యాయం జరిగిందని ఒప్పుకుంది. అంటే ఆ చట్టం ప్రకారం పోడు భూమికి పట్టా దానం కాదు, తీర్చవలసిన బాకీ. 2023 జూన్ చివర తెలంగాణలో 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇస్తామని సభలు జరిగాయి. ఏ పార్టీ పాలకుడైనా వేదిక మీద పట్టా చేతికిచ్చేటప్పుడు 'నేను ఇచ్చాను' అనే అంటాడు. తీసుకునేవాడు వంగి దండం పెడతాడు. ఆ దండం ఎవరు నేర్పారు? భయం నేర్పింది, అవసరం నేర్పింది, నిజమే. కాని రాజు కరిగితేనే ధాన్యాగారం తెరుచుకుంటుందని రాత్రి పూట ఎనభై తొమ్మిది విడతలుగా మనం నేర్పే పాఠం కూడా అందులో ఉంది. హక్కును వరంగా చూడడం అలవాటైన కన్ను, బాకీదారును దాతగా చూస్తుంది. సాహిత్యం చేసే కీడు ఇదే. అది అబద్ధం చెప్పనక్కర్లేదు. చూపు తిప్పితే చాలు.

ఈ మాటలన్నీ తరగతిలో చెప్పి నేను గెలిచాననుకున్నాను. ఫోను ఇచ్చిన అమ్మాయి లేచింది. కోయ పిల్ల. తండ్రికి పోడు తగవు ఉంది. 'సమ్మక్కది కథ కాదు సార్, మా వేల్పు' అంది మొదట. తప్పు ఒప్పుకున్నాను. తరవాత అంది: 'మీరు చదవమని ఇచ్చే పుస్తకాలల్ల అందరు కష్టపడతరు, ఆఖరికి చస్తరు. ఒక్కళ్లన్న మంచిగ ప్రేమించుకోరా సార్?'

తరగతి నవ్వింది. నేనూ నవ్వాను గాని, ఆ ప్రశ్న నన్ను వదలలేదు. వదలకూడదు కూడా. అభ్యుదయ రచయితల సంఘం 1943లో తెనాలిలో పుట్టిన నాటినుంచీ మనం శ్రమను రాశాం, ఆకలిని రాశాం, పోరాటాన్ని రాశాం. ప్రేమను మాత్రం చాలామందిమి బూర్జువా వ్యవహారంగా చూసి గుమ్మం బయట నిలబెట్టాం. బయట నిలబడ్డదాన్ని రాజు గుర్రమెక్కించుకొని పోయాడు. ఇప్పుడు 'అయ్యో, పిల్లలు రాజకథలు చదువుతున్నారు' అని గుండెలు బాదుకుంటే ఏం లాభం? పదిమందితో ఒక గదిలో ఉండి, ఇంటినుంచి పెళ్లి కబురు ఎప్పుడొస్తుందోనని భయపడే పందొమ్మిదేళ్ల పిల్లకు, తనను కోరుకునే మనిషి, తన మాట వినే మనిషి ఎక్కడన్నా ఉన్నాడా అన్నది చిన్న ప్రశ్న కాదు. రాజకథ ఆమెకు తప్పు సమాధానం చెబుతున్నది. మనం ఏ సమాధానమూ చెప్పలేదు.

మన పుస్తకాలన్నీ మూగవి అనడం కూడా అన్యాయం. చిన్నగూడూరులో పుట్టిన దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' రాశారు. దొర గడీ అంటే చిన్న పాటి రాజభవనమే. అందులోకి పొట్ట చేతబట్టుకొని వచ్చిన ఒక గాయకుడున్నాడు, దొర కూతురు మంజరి ఉంది, వారి నడుమ ప్రేమ ఉంది. కాని ఆ ప్రేమ వెట్టిని దాచదు. గడీలో ఆడబాప బతుకును దాచదు. ప్రేమ అక్కడ తెర కాదు, కిటికీ. దానిలోంచి గడీ లోపలంతా కనబడుతుంది. ఆ నవలను మా పిల్లలకు ఇచ్చాను. అందరూ చదవలేదు. చదివినవాళ్లు మాత్రం దొర కూతురి సంగతి మాట్లాడుతూ మాట్లాడుతూ వెట్టి సంగతి మాట్లాడారు. నాకు కావలసింది అదే.

మేడారంలోనూ చూడండి. జాతరకు పూనుగొండ్లనుంచి పగిడిద్దరాజును తీసుకొచ్చి సమ్మక్కతో పెళ్లి చేస్తారు. కప్పం కట్టక చచ్చిన వీరుల కథలో జనం పెళ్లిని వదులుకోలేదు. యుద్ధాన్నీ ప్రేమనూ విడదీయాలన్న తోపు వాళ్లకు లేదు. అది మన చదువుకున్నవాళ్ల తోపు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య ఇలాంటి వంశగాథలను గొంతులో మోశారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన కన్నుమూశారు. ఆయన పాడినంత మన విశ్వవిద్యాలయాలు రాసుకున్నాయా? మన నవలాకారులు ఒక్క రాత్రి కూర్చుని విన్నారా? రాజుల శయ్యాగారాలను ఊహించడానికి ఖర్చుపెట్టిన తీరిక అక్కడ ఖర్చుపెట్టి ఉంటే, ఆ పేరులేని కోయ ముసలమ్మకు ఈపాటికి పేరు వచ్చేది.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి: పిల్లల చేతిలోంచి ఫోను లాక్కోకండి. వాళ్లు చదివే కథను మీరూ చదివి, ఒక్క ప్రశ్న వేయండి: ఈ ధాన్యం ఎవరిది? రచయితలకు నా మనవి: రాజులను రాయదలిస్తే రాయండి, శిస్తుతో సహా రాయండి. ప్రేమను రాయండి, ఆ ఇద్దరూ మర్నాడు ఏం తిన్నారో, ఎవరు పండించిందో కూడా రాయండి. బంటు పువ్వుల ముమ్మడి ఇల్లాలిని రాయండి. ఆకు పసరు పోసిన ముసలమ్మ పడుచుప్రాయంలో ఎవరిని కోరుకున్నదో రాయండి. మా తరగతిలో లేచి నిలబడ్డ పిల్ల ఇంకా జవాబు కోసం చూస్తున్నది. ఆమెకు జవాబు చెప్పలేకపోతే, చెప్పడానికి రాజు సిద్ధంగా ఉన్నాడు. ప్రతి రాత్రీ ఒక విడత.